జన్యువులా, షుగరా? రెటీనా, నరాల జబ్బుల గురించి అడిగినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 54 ఏళ్లు. ఏడాదిగా చదువుతుంటే మాట మధ్యలో ఒకటి రెండు అక్షరాలు మాయమవుతున్నాయి. రెండు కళ్లకూ స్కాన్ తీసి మాక్‌టెల్ టైప్ 2 అనే రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) జబ్బు అన్నారు. ఆవిడ తమ్ముడికి, అంటే మీ మామయ్యకు, ముప్పై దాటినప్పటి నుంచే పాదాల్లో స్పర్శ లేదు. పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది. ఇప్పుడు ఇద్దరికీ షుగర్ ఉంది. ఇది వంశపారంపర్యమా, షుగర్ వల్ల వచ్చిందా, నాకూ వస్తుందా అని అడిగారు. సెరీన్ పొడి వాడొచ్చా అని తర్వాత మళ్లీ రాశారు.

నేను పాతికేళ్లకు పైగా రెటీనా రోగుల్ని చూస్తున్నాను. ఇలాంటి ప్రశ్నకు మొదటి పదిహేనేళ్లూ నేను చెప్పిన జవాబు తప్పు. "కంటి సంగతి వేరు, కాళ్ల సంగతి వేరు. తమ్ముడిది షుగర్ వల్ల వచ్చిన నరాల జబ్బు, మీది కంట్లో రక్తనాళాల జబ్బు" అని చెప్పి పంపేసేవాణ్ణి. అప్పట్లో పుస్తకాల్లో ఉన్నదీ అదే. అయినా మీలాంటి కుటుంబాల్ని ఎన్నిటిని అలా పంపేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఒంట్లో ఇన్ని అవయవాలుండగా రెటీనా, పొడవాటి నరాలు ఈ రెండే ఎందుకు ముందు దెబ్బతింటాయి? దీన్నుంచి మొదలుపెడితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

రెటీనా మందం దాదాపు పావు మిల్లీమీటరు. అంత పల్చటి పొర, బరువుతో పోల్చి చూస్తే శరీరంలో అన్నిటికన్నా ఎక్కువ ఆక్సిజన్, గ్లూకోజ్ మింగే కణజాలాల్లో ఒకటి. చీకట్లో కళ్లు మూసుకుని పడుకుంటే దానికి విశ్రాంతి దొరుకుతుందనుకుంటాం. జరిగేది తలకిందులు. వెలుతురు లేనప్పుడు మన ఫోటోరిసెప్టర్ కణాల్లో (వెలుతురును పట్టే కణాలివి) తలుపులు తెరుచుకుని ఉంటాయి, సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది, దాన్ని బయటికి తోడుతూ ఉండాలి. అందుకే రెటీనాకు పగటి కన్నా రాత్రే ఖర్చు ఎక్కువ. అది చాలదన్నట్టు, ఒక్కో ఫోటోరిసెప్టర్ తన చివరి భాగంలో రోజుకు దాదాపు పదోవంతు రాల్చేసి మళ్లీ కొత్తగా కట్టుకుంటుంది. రాలినదాన్ని వెనకాల ఉన్న పిగ్మెంట్ ఎపిథీలియం పొర తిని అరిగించుకుంటుంది. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఇదే పని.

ఇంకో విచిత్రం. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా ఫోటోరిసెప్టర్లు గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని పూర్తిగా మండించవు. సగంలో ఆపి లాక్టేట్‌గా మార్చేస్తాయి. క్యాన్సర్ కణాలు చేసే పని ఇది. ఓటో వార్‌బర్గ్ 1920లలోనే రెటీనాలో దీన్ని గమనించాడు. అలా వదిలిన లాక్టేట్‌ను వెనకనున్న ఎపిథీలియం పొర తన ఇంధనంగా వాడుకుని, రక్తం నుంచి వచ్చే గ్లూకోజ్‌ను తను ముట్టకుండా ముందుకు పంపుతుంది. ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకోవడం. ఎపిథీలియానికి జబ్బు చేసి ఆ గ్లూకోజ్‌ను తనే తినేయడం మొదలుపెడితే, ముందున్న కణాలు పస్తులుంటాయి.

నరాల కష్టం వేరే రకం. కాలి బొటనవేలి నుంచి స్పర్శ తెచ్చే నరం కణం అసలు శరీరం నడుము దగ్గర వెన్ను పక్కన ఉంటుంది. దాని తోక, ఆక్సాన్, పొడవు దాదాపు మీటరు. ఆ చివరికి కావలసిన సరుకంతా ఇక్కణ్ణుంచే వెళ్లాలి. వేగంగా వెళ్లే సరుకు రోజుకు 40 సెంటీమీటర్ల దాకా పోతుంది, అంటే రెండు మూడు రోజుల్లో చేరుతుంది. నెమ్మదిగా వెళ్లేది రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లే. మీటరు దూరానికి ఏడాది పైమాటే. అందుకే ఏ కారణంతో సరఫరా తగ్గినా ముందు వేళ్లు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా మేజోడు తొడిగినట్టు మొద్దుబారుతుంది. కాళ్లలో మోకాళ్ల దాకా వచ్చేసరికి చేతి వేళ్లలో మొదలవుతుంది. పొడవు లెక్క అంతే.

చాలీచాలని జీతంతో నడిచే ఇల్లు ఎలా ఉంటుందో ఈ కణాల బతుకు అలా ఉంటుంది. మామూలు నెలల్లో గడిచిపోతుంది. ఒక జ్వరమో, ఒక పెళ్లో వస్తే అప్పే. జీతం ఎంత అన్నది చాలావరకు జన్యువులు నిర్ణయిస్తాయి, ఖర్చు ఎంత అన్నది షుగర్, పొగ, వయసు, విటమిన్ల లోటు నిర్ణయిస్తాయి. ఈ పోలికను నేను రోగులకు చెబుతుంటాను గానీ ఇందులో ఒక లోపం ఉంది. జన్యువు అనేది చాలాసార్లు ఒక ఎంజైమ్, అంటే ఒంట్లో రసాయన మార్పులు జరిపే ప్రోటీన్, తయారీకి సూచన. ఎంజైమ్ చేసే పనే మెటబాలిజం, అంటే తిండిని శక్తిగా, సరుకుగా మార్చుకోవడం. కాబట్టి "జన్యువా, మెటబాలిజమా" అన్నప్పుడు మనం ఒకే గొలుసుకు ఉన్న రెండు లంకెల్ని పోటీకి నిలబెడుతున్నాం.

అమ్మగారి జబ్బు దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ.

మాక్‌టెల్ అంటే మాక్యులర్ టెలాంజియెక్టేసియా. చూపుకు నడిబొడ్డైన మాక్యులా దగ్గర, సరిగ్గా మధ్యలో కాకుండా చెవి వైపు కాస్త పక్కగా, సన్నటి రక్తనాళాలు ఉబ్బి వంకర తిరుగుతాయి. సాధారణంగా నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య, రెండు కళ్లకూ వస్తుంది. నాళాలు ఉబ్బి కనిపిస్తాయి కాబట్టి పేరూ నాళాల మీదే పెట్టారు, వైద్యమూ నాళాల మీదే చేశాం. లేజర్లు కొట్టాం. కొత్త నాళాలు పుట్టకుండా ఆపే యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు వేశాం. కొత్త నాళాలు పుట్టిన దశలో ఆ ఇంజెక్షన్లు పనికొస్తాయి, అంతకు ముందు దశలో చూపుకు ఏ మేలూ చేయలేదు. తర్వాత రెటీనా పొరల్ని విడివిడిగా చూపే ఓసీటీ స్కాన్లు మెరుగయ్యాక తెలిసింది, నాళాల కన్నా లోతైన సంగతి వేరే ఉందని. రెటీనాలో నిలువుగా ఉండి మిగతా కణాలకు అన్నం పెట్టే ముల్లర్ కణాలు పోతున్నాయి, వాటితో పాటు ఫోటోరిసెప్టర్లూ పోతున్నాయి. మాక్యులాకు పసుపు రంగునిచ్చే ల్యూటిన్, జియాజాంతిన్ కూడా అక్కడ తగ్గిపోతాయి.

2017లో మాక్‌టెల్ రోగుల జన్యువుల్ని మూకుమ్మడిగా పరిశీలిస్తే, రక్తనాళాల వెడల్పుతో సంబంధమున్న ఒక చోటుతో పాటు, సెరీన్, గ్లైసీన్ అనే రెండు చిన్న అమైనో ఆమ్లాలను (ప్రోటీన్లు కట్టే ఇటుకలు) నడిపే జన్యువుల దగ్గర తేడాలు బయటపడ్డాయి. రోగుల రక్తంలో సెరీన్ నిజంగానే తక్కువగా ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ వార్త మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. కంటి నాళాలకూ సెరీన్‌కూ ఏం సంబంధం?

సంబంధం ఇలా ఉంది. సెరీన్ మనకు తిండిలో వస్తుంది, ఒళ్లూ గ్లూకోజ్ నుంచి చేసుకుంటుంది. గ్లూకోజ్ అరిగే దారిలో సగం దూరం వచ్చాక ఒక పక్కదారి ఉంది, ఆ మలుపు దగ్గర నిలబడ్డ ఎంజైమ్ పేరు పీహెచ్‌జీడీహెచ్. రెటీనాలో ఆ పని ముఖ్యంగా ముల్లర్ కణాలది. తయారైన సెరీన్‌తో ఎన్నో పనులున్నాయి, వాటిలో ఒకటి స్ఫింగోలిపిడ్లు అనే కొవ్వుల తయారీ. నరాల పొరలకు ఇవి ప్రాణం. ఆ తయారీ మొదటి మెట్టులో ఎస్‌పీటీ అనే ఎంజైమ్ ఒక చేత్తో సెరీన్‌ను, ఇంకో చేత్తో ఒక కొవ్వు ఆమ్లాన్ని పట్టుకుని అతికిస్తుంది. సెరీన్ చాలకపోతే అది ఊరికే కూర్చోదు. పక్కనున్న అలనీన్‌ను పట్టుకుంటుంది. సెరీన్‌కూ అలనీన్‌కూ తేడా ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఆ ఒక్కటీ లేకపోవడంతో పుట్టిన కొవ్వును డీఆక్సీ స్ఫింగోలిపిడ్ అంటారు. పిడి లేని గిన్నె అనుకోండి. తర్వాతి మెట్టు ఎంజైములు పట్టుకునేది ఆ పిడినే. అది లేకపోయేసరికి దాన్ని పనికొచ్చే కొవ్వుగా మార్చలేవు, మామూలు దారిలో విరగ్గొట్టి పారేయనూ లేవు. పేరుకుపోతుంది. ఫోటోరిసెప్టర్లకూ, నరాలకూ అది విషం.

ఇప్పుడు మీ మామయ్య దగ్గరికి వస్తాను.

హెచ్‌ఎస్‌ఏఎన్ 1 అని ఒక అరుదైన వంశపారంపర్య నరాల జబ్బు ఉంది. సాధారణంగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. పాదాల్లో ముందు నొప్పి, వేడి తెలియడం పోతుంది. ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు పోట్లు వస్తాయి. తెలియకుండా తగిలిన దెబ్బలు పుండ్లవుతాయి, ఎముక దాకా వెళ్లి వేళ్లు తీసేయాల్సి రావచ్చు. దీనికి ఒక కారణం ఎస్‌పీటీఎల్‌సీ1 అనే జన్యువులో మార్పు అని 2001లో తేలింది. ఈ జన్యువు తయారు చేసేది ఇందాక చెప్పిన ఎస్‌పీటీ ఎంజైమ్‌లో ఒక భాగాన్నే. వీళ్లకు సెరీన్ కొరత లేదు. ఎంజైమే చూపు మందగించినదానిలా సెరీన్ ఎదురుగా ఉన్నా అలనీన్‌ను పట్టుకుంటుంది. చివరికి పేరుకునేది అదే పిడి లేని కొవ్వు.

2019లో ఈ రెండు దారులూ కలిశాయి. హెచ్‌ఎస్‌ఏఎన్ 1 ఉన్నవాళ్ల కళ్లు పరీక్షిస్తే ఎక్కువమందిలో మాక్‌టెల్ కనిపించింది. నరాల జబ్బు లేని మామూలు మాక్‌టెల్ రోగుల రక్తంలోనూ సెరీన్ తక్కువ, డీఆక్సీ కొవ్వులు ఎక్కువ. సెరీన్, గ్లైసీన్ లేని మేత పెట్టిన ఎలుకల్లో అవే కొవ్వులు పెరిగి రెటీనా పని తగ్గింది. ఒక చోట జన్యువు ఎంజైమ్‌ను చెడగొట్టింది, ఇంకో చోట మెటబాలిజం దానికి సరుకు అందకుండా చేసింది. కన్నూ పాదమూ ఒకే రకంగా దెబ్బతిన్నాయి.

మీ మామయ్యది హెచ్‌ఎస్‌ఏఎన్ 1 అని నేను అనడం లేదు. చూడకుండా అలా అనడం తప్పు. కానీ మీరు రాసినదాంట్లో ఒక మాట నన్ను ఆపింది. స్పర్శ పోవడం ముప్పై దాటగానే మొదలైంది, "ఇప్పుడు" షుగర్ ఉంది అన్నారు. షుగర్ వల్ల నరాలు పోవాలంటే షుగర్ ముందు రావాలి. కాళ్లు ముందు మొద్దుబారి, షుగర్ తర్వాత వచ్చి ఉంటే, ఆ షుగర్ మీద నేరం మోపడం సరికాదు. కొన్నిసార్లు షుగర్ ఏళ్ల తరబడి తెలియకుండా ఉంటుంది, అదీ నిజమే. అందుకే తేదీలు ముఖ్యం. తాతగారికో, అమ్మమ్మగారికో పాదాల పుండ్లు, తీసేసిన వేళ్లు ఏమైనా ఉండేవా అని పెద్దవాళ్లను అడగండి. హెచ్‌ఎస్‌ఏఎన్ 1 ఒక తరం నుంచి ఇంకో తరానికి నేరుగా, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశంతో దిగుతుంది. దూకి వచ్చే జబ్బు కాదు.

షుగర్‌ను పూర్తిగా వదిలేయమని కూడా కాదు. షుగర్ ఈ కథలోకి మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది అందరికీ తెలిసిందే, చక్కెర నేరుగా చేసే నష్టం. కణంలో గ్లూకోజ్ మరీ ఎక్కువైతే కొంత భాగం సార్బిటాల్‌గా మారుతుంది, దాన్ని ఇంకో ఎంజైమ్ ఫ్రక్టోజ్‌గా మారుస్తుంది. ఈ దారి నరాలకు, కంటికి హాని అని దశాబ్దాలుగా వాదన ఉంది. దాన్ని ఆపే మందులు చాలావరకు పెద్ద ట్రయల్స్‌లో తేలిపోయాయి, జపాన్‌లో ఎపాల్‌రెస్టాట్ ఒకటి వాడుకలో మిగిలింది. ఈ వాదన ఇక ముగిసిందనుకుంటుంటే 2020లో ఒక ఆశ్చర్యం. షుగర్ లేని కుర్రవాళ్లు కొందరికి కాళ్లు సన్నబడి పట్టు తగ్గిపోతుంటే కారణం తెలియక తిరుగుతున్నారు. వాళ్లలో ఆ రెండో ఎంజైమ్ జన్యువు, ఎస్‌ఓఆర్‌డీ, తల్లి వైపుదీ తండ్రి వైపుదీ రెండూ పనిచేయడం లేదని తేలింది. రక్తంలో సార్బిటాల్ విపరీతంగా పేరుకుని ఉంది. షుగర్ లేకుండానే షుగర్ రోగి నరాల్లో జరిగే రసాయనంలో ఒక ముక్క జన్యువు చేసి చూపించింది! నా వృత్తిలో నన్ను ఆనందపెట్టిన కొద్ది సంగతుల్లో ఇదొకటి.

రెండోది, షుగర్ సెరీన్‌ను కూడా లాగేస్తుంది. 2023లో షుగర్ ఉన్న ఎలుకల మీద చేసిన పనిలో, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే సెరీన్ తగ్గుతుందనీ, సెరీన్ పెడితే నరాల జబ్బు నెమ్మదిస్తుందనీ కనిపించింది. ఎలుకల సంగతి ఎలుకలదే అనుకున్నా, షుగర్ ఉన్న మనుషుల రక్తంలో డీఆక్సీ కొవ్వులు ఎక్కువగా ఉండటం అంతకు ముందే తెలుసు. అమ్మగారికి ఇప్పటికే సెరీన్ బొటాబొటిగా ఉండి, పైన షుగర్ వచ్చి ఉంటే, చాలీచాలని జీతంలో కోత పడ్డట్టే.

మూడోది మీకు వెంటనే పనికొచ్చేది, కాస్త నిదానంగా చదవండి. షుగర్ తగ్గించడం మంచిదే. టైప్ 1 షుగర్ రోగుల మీద జరిగిన డీసీసీటీ అనే పెద్ద ట్రయల్ 1993లో వెలువరించిన ఫలితాల్లో, గట్టిగా అదుపు చేసినవాళ్లలో రెటీనా జబ్బు కొత్తగా రావడం 76%, నరాల జబ్బు 60% తగ్గాయి. కానీ చాలా ఏళ్లు ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా దించితే కంట్లో రెటినోపతి (షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు) కొన్ని నెలలు ముదరొచ్చు. నరాల్లోనూ అంతే. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) రెండు పాయింట్ల కన్నా ఎక్కువ పడిపోయినవాళ్లలో కొందరికి పాదాల్లో భరించలేని మంటలు మొదలవుతాయి. ఆ మంటలు చూసి భయపడి మందులు ఆపేసినవాళ్లను చూశాను. ఆపకూడదు. ముందే రెటీనా చూపించుకుని, మెట్టు మెట్టుగా దించుకోవాలి.

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 పడిపోవచ్చు, దాని లోటు కాళ్ల నరాలనూ కంటి నరాన్నీ రెండిటినీ దెబ్బతీస్తుంది. ఇది జన్యువుల దాకా వెళ్లకుండా ఒక రక్తపరీక్షతో తేలిపోయే సంగతి. ఇద్దరికీ చేయించండి.

కంటి నరం అన్నాను కాబట్టి మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారు చేసే భాగాలు) సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే "జన్యువు ఉంటే జబ్బు ఖాయం" అనే భయానికి ఇదే మంచి మందు. లెబర్ హెరిడిటరీ ఆప్టిక్ న్యూరోపతి అనే జబ్బును థియోడర్ లెబర్ 1871లో వర్ణించాడు. ఎక్కువగా కుర్రవాళ్లకు, నొప్పి లేకుండా, ముందు ఒక కంట్లో మధ్య చూపు పోతుంది, వారాల్లోనో నెలల్లోనో రెండో కన్నూ అదే దారి. 1988లో దీనికి మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 11778వ స్థానంలోని మార్పు కారణమని తేలింది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి కాబట్టి తల్లికి ఉంటే పిల్లలందరికీ దిగుతుంది. కానీ దిగినవాళ్లందరికీ చూపు పోదు. పాత లెక్కల్లో మగవాళ్లలో దాదాపు సగం మందికి, ఆడవాళ్లలో పదోవంతు మందికి పోతుందనేవారు, కొత్త లెక్కల్లో ఇంకా తక్కువ. ఒకే మార్పు ఉన్న అన్నదమ్ముల్లో ఒకరికి చూపు పోయి ఒకరికి పోకపోవడం నేను చూశాను. పోయినవాడు పొగ తాగేవాడు. ఒక్క కుటుంబాన్ని చూసి సిద్ధాంతం చేయకూడదు గానీ, పొగ తాగేవాళ్లలో ముప్పు ఎక్కువని పెద్ద అధ్యయనమూ చెప్పింది. టీబీకి వాడే ఎథాంబుటాల్ కూడా వీళ్లకు ప్రమాదం.

దీనికి అటు వైపు నుంచి చూడాలంటే క్యూబా. 1991, 1993 మధ్య అక్కడ 50 వేల మందికి పైగా చూపు మందగించి, కాళ్లు మంటలెత్తి ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి కన్ను, కొందరికి కాళ్లు, కొందరికి రెండూ. సోవియట్ సాయం ఆగి తిండి కరువైన కాలం అది. బీ విటమిన్ల లోటు, దానిపైన పొగాకు. లెబర్ జబ్బులా కనిపిస్తోందని ఆ మార్పుల కోసం కూడా వెతికారు, వాటి వల్ల కాదని తేలింది. దేశమంతా విటమిన్ బిళ్లలు పంచాక తగ్గుముఖం పట్టింది. జన్యువు చెడకుండానే, సరఫరా మాత్రమే చెడితే, అవే రెండు చోట్లు ముందు కూలాయి.

రెటినైటిస్ పిగ్మెంటోసా గురించి కూడా ఒక్క మాట. రేచీకటితో మొదలయ్యే ఈ జబ్బులో జన్యువు లోపం చాలాసార్లు మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాల్లో ఉంటుంది. రాడ్లు పోతాయి. అర్థమైంది. కానీ పగటి చూపునూ రంగులనూ ఇచ్చే, ఏ లోపమూ లేని కోన్ కణాలు తర్వాత ఎందుకు పోతాయి? రాడ్లు పోయాక కోన్లకు గ్లూకోజ్ అందడం తగ్గిపోతుందని, అవి ఆకలితో చస్తాయని ఎలుకల మీద పనులు చూపించాయి. రాడ్లు విడుదల చేసే ఒక ప్రోటీన్ కోన్లు గ్లూకోజ్ లాక్కోవడానికి సాయం చేస్తుంది, రాడ్లతో పాటు అదీ పోతుంది. ఒకే కంట్లో మొదటి చావు జన్యువుది, రెండోది మెటబాలిజానిది.

కంటినీ నరాలనూ కలిపి పట్టే జబ్బులు ఇంకా ఉన్నాయి. వాటన్నిటినీ వర్ణించను. కానీ వైద్యం ఉన్నవి తప్పిపోకూడదు కాబట్టి పేర్లు చెబుతాను. రేచీకటితో పాటు కాళ్ల తిమ్మిర్లు, వాసన తెలియకపోవడం ఉంటే రెఫ్సమ్ జబ్బు ఉందేమో చూడాలి. పాల కొవ్వు, కొన్ని మాంసాల కొవ్వు, చేపల్లో ఉండే ఫైటానిక్ ఆమ్లం విరగదు, తిండి మార్చితే తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి కొవ్వు అరగక, నడక తూలుతూ, రాత్రి చూపు తగ్గుతుంటే ఎ-బీటా-లైపోప్రోటీనీమియా. విటమిన్ ఎ, ఇ పెద్ద మోతాదులో కావాలి. ఒక్క విటమిన్ ఇ మాత్రమే రక్తంలో నిలవని ఇంకో జబ్బూ ఉంది. గైరేట్ అట్రఫీలో ఆర్నిథిన్ పేరుకుంటుంది, కొందరికి బీ6తో తగ్గుతుంది. ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడ్ జబ్బులో కాళ్ల నరాలు పోవడంతో పాటు కంటి లోపలి జెల్లీలో మసక చేరుతుంది. ఆ ప్రోటీన్ కాలేయంలోనే కాక కంట్లోనూ తయారవుతుంది, అందుకే కాలేయం మార్చినా కంటి జబ్బు ఆగదు. రోగి "నాది వంశపారంపర్యం, చేయగలిగింది లేదు" అనుకుని ఏళ్లు గడిపేస్తే ఎక్కువ నష్టపోయేది ఇలాంటి వాటిలోనే.

ఇక మీరు చేయాల్సింది. అమ్మగారికి రెటీనా స్కాన్, ఆటోఫ్లోరెసెన్స్ ఫోటో ఇప్పటికే ఉంటే చాలు, వాటి కాపీలు దగ్గర పెట్టుకోండి. ఆవిడ పాదాల స్పర్శను కూడా ఎవరైనా పరీక్షించాలి. మాక్‌టెల్ ఉన్నవాళ్ల కాళ్లు ఎవరూ చూడరు. మామయ్య రెటీనాకు ఓసీటీ తీయించండి, చూపు బాగానే ఉన్నా సరే. నరాల రోగి కళ్లు కూడా ఎవరూ చూడరు. ఇద్దరికీ హెచ్‌బీఏ1సీ, బీ12, పరగడుపున రక్తంలో అమైనో ఆమ్లాల పరీక్ష. మామయ్యకు నరాల డాక్టరు నెర్వ్ కండక్షన్ పరీక్ష (నరాల్లో సంకేతం ఎలా పోతోందో చూసేది) చేస్తారు. అయితే తొలిదశలో సన్నటి నరాలే పోతాయి, అవి ఆ పరీక్షలో దొరకవు. రిపోర్టు మామూలుగా వచ్చిందని ఊరుకోవద్దు.

జన్యు పరీక్ష చేయించాలనుకుంటే ముందు మామయ్యకు చేయించండి, అమ్మగారికి కాదు. మామూలు మాక్‌టెల్‌లో ఎన్నో జన్యువుల చిన్న చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి, ఒక్క పరీక్షతో తేలేది తక్కువ. మామయ్యకైతే ఎస్‌పీటీఎల్‌సీ1, అదే ఎంజైమ్‌లో ఇంకో భాగాన్ని తయారు చేసే ఎస్‌పీటీఎల్‌సీ2 ఉన్న నరాల ప్యానెల్ (చాలా జన్యువుల్ని ఒకేసారి చూసే పరీక్ష) సూటిగా జవాబిస్తుంది. రిపోర్టులో "అర్థం తేలని మార్పు" అని వస్తే దాన్ని జబ్బుగా లెక్కేయకండి. జెనెటిక్ కౌన్సెలర్‌తో ముందూ వెనకా మాట్లాడండి.

సెరీన్ పొడి కొని వాడొచ్చా అని మీరు రెండోసారి అడిగారు. అడుగుతారని తెలుసు. హెచ్‌ఎస్‌ఏఎన్ 1 రోగులకు రోజుకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది ఇచ్చిన ఒక చిన్న ట్రయల్‌లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ల కన్నా కాస్త మెరుగ్గా ఉన్నారు. అరవై కిలోల మనిషికి అది రోజుకు 24 గ్రాములు. జబ్బు తేలినవాళ్లకు, నరాల డాక్టరు కనిపెట్టుకుని ఉండగా ఇవ్వొచ్చు. మాక్‌టెల్‌కు అది చూపు కాపాడుతుందని రుజువు లేదు. పైగా 2021లో బయటపడ్డ సంగతి ఒకటి నన్ను భయపెడుతుంది. ఇదే ఎస్‌పీటీఎల్‌సీ1 జన్యువులో వేరే చోట మార్పు వస్తే చిన్నపిల్లల్లో ఏఎల్‌ఎస్, అంటే కండరాల్ని నడిపే నరాలు చచ్చిపోయే జబ్బు, వస్తుంది. అక్కడ ఎంజైమ్‌కు పగ్గాలు ఊడిపోయి స్ఫింగోలిపిడ్లు అతిగా తయారవుతాయి. వాళ్లకు సెరీన్ ఇస్తే మంటలో నూనె పోసినట్టే. జన్యువు పేరు ఒకటే, మార్పు ఎక్కడన్నదాన్ని బట్టి మందే విషం. కాబట్టి పరీక్ష ముందు, పొడి తర్వాత.

మాక్‌టెల్‌కే అయితే 2025 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఎన్‌సెల్టో అనే ఇంప్లాంట్‌కు అనుమతి ఇచ్చింది. నరాల కణాలను కాపాడే సీఎన్‌టీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసే కణాల్ని ఒక చిన్న గొట్టంలో పెట్టి ఆపరేషన్‌తో కంట్లో అమరుస్తారు. పోయిన చూపు తిరిగి రాదు, ఫోటోరిసెప్టర్లు పోయే వేగం తగ్గుతుంది. షుగర్ రెటినోపతికి ఫెనోఫైబ్రేట్ అనే, రక్తంలో కొవ్వు తగ్గించే మందు కొంత పనిచేస్తుంది, 2024లో స్కాట్లాండ్‌లో జరిగిన లెన్స్ ట్రయల్‌లో ముదిరే అవకాశం 27% తగ్గింది. 2019 పరిశోధనలో ల్యాబ్‌లో పెంచిన రెటీనాల్లో డీఆక్సీ కొవ్వుల విషాన్ని తగ్గించిందీ ఇదే మందు. దాని ఆధారంతో మాక్‌టెల్‌కు వాడమని మాత్రం నేను ఇప్పుడే అనను. అమ్మగారికి షుగర్ రెటినోపతి కూడా ఉంటే మాత్రం డాక్టరుతో ప్రస్తావించండి.

నాకూ వస్తుందా అన్నారు. మామయ్య పరీక్షలో మార్పు దొరికితే, అమ్మగారికి అదే ఉందో లేదో చూస్తారు. ఆవిడకు ఉంటేనే మీకు సగం అవకాశం. ఆవిడకు లేకపోతే ఆ దారి అక్కడితో మూసుకుంటుంది. మామయ్యకే ఏమీ దొరక్కపోతే, అమ్మగారిది మామూలు మాక్‌టెల్, మామయ్యది వేరే నరాల జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు మీకు ముప్పు తక్కువ. నలభై దాటాక ఒకసారి ఓసీటీ తీయించుకుని దాచుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. పొగ తాగుతుంటే మానేయండి, ఇది ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగనక్కర్లేదు.

ఈలోగా మామయ్య పాత కాగితాల్లో షుగర్ మొదటిసారి తేలిన రిపోర్టు ఏ ఏడాదిదో వెతికి పెట్టండి. ఆయన చెప్పులు లేకుండా నడవకుండా చూడండి. రోజూ రాత్రి పడుకునే ముందు ఎవరో ఒకరు ఆయన అరికాళ్లు చూడాలి. ఆయనకు తెలియదు కాబట్టి.